తాత వృత్తి: ఫార్మర్

మావాడికి నవంబరులో 21 నిండాయి. క్రిస్మస్ సెలవులకి మినియాపోలిస్‌లో ఇంటికి వస్తూ, రూమ్మేట్ బహుమతిగా ఇచ్చిన డబ్బా ఒకటి కారులో వేసుకొచ్చాడు. విప్పితే ఇంట్లో బీరు చేసుకునే కిట్. గ్యాలను గాజు సీసా, మొలకెత్తిన బార్లీతో చేసే మాల్ట్ పొడి, చేదు కోసం వేసే హాప్స్ పువ్వు ఆకుపచ్చ గుళికల్లా, చిన్న ఈస్ట్ పొట్లం, రబ్బరు బిరడా, లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి బయటి గాలిని రానివ్వకుండా దాని నెత్తిన పెట్టే ప్లాస్టిక్ ఎయిర్‌లాక్. మా ఆవిడ చేతిలో గరిటెతోనే నావైపు ఒక చూపు చూసింది. ఇదంతా మీవైపు నుంచి వచ్చిందే అని ఆ చూపుకి అర్థం.

నిజమే. మా నాయిన నల్లగొండ జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా తాళ్లెక్కి కల్లు గీశాడు. ఆ సంగతి పిల్లలకి నేనెప్పుడూ చెప్పలేదు. మావాడు నాలుగో తరగతిలో ఉండగా బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. తాత పేరు పక్కన ఏం రాయాలని అడిగితే 'ఫార్మర్' అని రాయించాను. పూర్తి అబద్ధం కాదు, రెండెకరాలు ఉండేది. మొత్తానికి మా వంశవృక్షంలో తాటిచెట్టు లేకుండా పోయింది. టీచరు ఏమనుకుంటుందో అని అప్పట్లో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ వైన్ పేర్లు గడగడా చెప్పే మన తెలుగువాళ్ల పార్టీల్లో కూడా ఆ మాట నా నోట రాలేదు. అక్కడ టీచరెవరూ లేరు కదా.

సరే, బీరు. మరిగించేది గంటసేపే. అసలు చాకిరీ కడగడంలో ఉంది. గరిటె, గరాటు, గొట్టం, సీసా, చివరికి ఈస్ట్ పొట్లం కోసే కత్తెర కూడా శానిటైజర్‌లో ముంచాలట. మాల్ట్ ఉడుకుతుంటే ఇల్లంతా మొలకల రాగిజావ వాసన. హాప్స్ పడ్డాక వాసన మారింది, వేలితో రుచి చూస్తే వేపాకు చేదు. తొందరగా చల్లారాలని గిన్నెని పెరట్లో మంచులో కూరారు. పదిహేనేళ్ల మా అమ్మాయికి రుచి చూసే హక్కు లేదు కాబట్టి ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ బాధ్యత అప్పగించాం. 1.050 చూపించిందని నోట్‌బుక్‌లో రాసుకుంది. చక్కెరలు తరిగి అది 1.012కి దిగితే సుమారు 5 శాతం ఆల్కహాల్ అని లెక్క కట్టేసింది కూడా.

వెలుతురు తగలకూడదని సీసాని గెస్ట్‌రూమ్ అల్మారాలో పెట్టారు. మెడదాకా నింపేశారు, అదే పొరపాటు. రెండో రాత్రి నురగ ఎయిర్‌లాక్‌ని తన్నుకుని కార్పెట్ మీదికి పొంగింది. పట్టుచీరల పెట్టెకి జానెడు దూరంలో ఆగిపోయింది కాబట్టి బతికిపోయాం. "ఓవెన్‌లో లైటు వేసి రాత్రంతా కాపలా కాసినా నా ఇడ్లీపిండి ఏనాడూ ఇట్లా పొంగలేదు" అంది మా ఆవిడ, తుడుస్తూ.

శనివారం రాత్రి, అంటే అక్కడ ఆదివారం పొద్దున, నాయినకి వీడియో కాల్ చేస్తే మావాడు ఫోన్ లాక్కుని సీసా చూపించాడు.

"గదేందిరా, బుడబుడ అంటుంది?"

"బీర్, తాతా. ఇది ఈస్ట్."

"ఈస్టు కొన్నరా?" నాయిన నవ్వాడు. "కొనుడేంది! పొద్దుగాల దించినప్పుడు తియ్యగుంటది, ఎండెక్కేసరికి అదే పులుస్తది. లొట్టి అడుగుకు మడ్డి పట్టుకొనే ఉంటది గద. పులవొద్దంటే లోపల సున్నం పూయాలె. నీరా అయితది."

మావాడికి సగమే అర్థమైంది, మిగతా సగం నేను చెప్పాల్సి వచ్చింది. సున్నంతో ఈస్ట్ ఆగిపోతుందా అని వాడికి ఆశ్చర్యం. నాయిన అనుమానం వేరే.

"సర్కారుకు పన్ను కట్టిన్రా?"

పన్ను లేదని వాడు వచ్చీరాని తెలుగులో చెప్పాడు. 1978లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదు.

"మేము చెట్టుకింతని కట్టినం," అన్నాడు నాయిన.

"ఏ చెట్టు? ఇవన్నీ మీకెలా తెలుసు తాతా?"

నాయిన జవాబు చెప్పలేదు. తెరలోంచి సూటిగా నన్ను చూశాడు. "మీ నాయిన చెప్పలేదా?"

నేను సీసా వైపు చూస్తూ కూర్చున్నాను. ఎయిర్‌లాక్‌లో నాలుగైదు బుడగలు పోయాయి. నాయినకి కోపం వచ్చిందనుకున్నాను. చెట్టు మీంచి పడి ఆర్నెల్లు మంచంలో ఉన్నప్పుడు, నా కొడుకు చెట్టెక్కొద్దు అని ఒట్టు పెట్టుకున్నది ఆయనే.

"ఉండు బిడ్డా, నా మోకు చూపిస్త. నడుముకు, చెట్టుకు గలిపి కట్టుకునేది. అటక మీద ఉండాలె," అని లేచాడు.

ఫోన్ మంచం మీద వెల్లకిలా పడింది. తెర నిండా తిరుగుతున్న ఫ్యాన్. ఎక్కడో డబ్బాలు జరుపుతున్న చప్పుడు, ఆయన దగ్గు. మా అమ్మాయి నోట్‌బుక్ తెరిచి, "నాన్నా, మోకు స్పెల్లింగ్ చెప్పు" అంది.