పాంప్లెట్ వేయించే ముందు, అది ఎవరి చేతికి పోవాలో తేల్చుకోండి

పాంప్లెట్ వేయించాలనుకోగానే చాలామంది నేరుగా డీటీపీ సెంటర్‌కు పోతారు. కట్టలు షాపుకొచ్చాక గానీ ఎక్కడ పంచాలన్న ఆలోచన రాదు. పంచే చోటు ముందు తేలాలి. సైజు, కాగితం, రాసే మాట, వేయించే నెల అన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

నల్లగొండలో బోరు మోటర్ల వైండింగ్ షాపునే తీసుకోండి. దాని గిరాకీ ప్రకాశం బజారులో ఉండదు, మునుగోడు, నాంపల్లి, దేవరకొండ వైపు ఊళ్లలో ఉంటుంది. న్యూస్ పేపర్లో పెట్టించి టౌనంతా పంచితే పైసలు దండగ. అదే మధ్యాహ్నం దాటాక ఆ ఊళ్ల బస్సులెక్కే రైతుల చేతికిస్తే కాగితం ఇంటిదాకా పోతుంది. పొద్దున బస్సు దిగేవాళ్లకిస్తే పనుల తొందరలో అక్కడే పారేస్తారు. బస్టాండు లోపల పంచాలంటే డిపోలో అడిగి పంచండి. పాలమూరు వైపైతే దేవరకద్ర అంగడి, పెబ్బేరు సంత ఇలాంటి షాపుకు మంచి చోట్లు. ఎరువుల దుకాణం, పైపుల షాపు కౌంటర్ల మీద కొన్నికొన్ని పెట్టించండి. ఎండలు ముదిరి మోటర్లు కాలడం మొదలయ్యే ముందే, అంటే ఫిబ్రవరిలోనే, పంచడం అయిపోవాలి.

రాసే మాట ఇట్లుండాలి: "మోటరు కాలిందా? ఇవాళ ఇస్తే రేపు సాయంత్రానికి రెడీ. 5, 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. ఆరు నెలల గ్యారంటీ." కింద ఫోన్ నంబరు, అక్షరం సైజు 24 పాయింట్లకు తగ్గకుండా, ఐదు అంకెల చొప్పున రెండు ముక్కలుగా. అడ్రసులో ఇంటి నంబరు కన్నా "గడియారం సెంటర్ నుంచి దేవరకొండ రోడ్డులో, ఫలానా బ్యాంకు ఎదురుగా" అంటేనే మనిషి వస్తాడు. దేవుడి బొమ్మ, ఓనర్ ఫోటో, ఇరవై సర్వీసుల జాబితా పెడితే అసలు మాటకు జాగా మిగలదు. ఒక పాంప్లెట్‌లో ఒక్క మాటే ఉండాలి.

ఇక ప్రింటింగ్. మామూలుగా నడిచేది 1/8 డెమీ. డెమీ అంటే 18×23 అంగుళాల షీటు, దానికి ఎనిమిది వస్తాయి, అంటే 500 షీట్ల రీముకు 4,000. కత్తిరించాక 5.5×8.5 అంగుళాలు ఉంటుంది. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) కాగితమైతే వెయ్యి పాంప్లెట్లు సుమారు 2.1 కిలోలు తూగుతాయి. 5,000 చెప్పి తెచ్చుకుంటే కాంటా మీద పెట్టండి, పదిన్నర కిలోల దగ్గర తూగాలి. బాగా తక్కువొస్తే అక్కడే లెక్క అడగండి.

తెలుగు విషయంలో తప్పులు ఎక్కువగా రెండు చోట్ల దొర్లుతాయి. ఒకటి ఫాంటు. వాట్సాప్‌లో మీరు పంపిన మ్యాటర్ యూనికోడ్ (ఫోన్లలో నడిచే తెలుగు), డీటీపీలో చాలాచోట్ల నడిచేది "అను" అనే వేరే రకం ఫాంట్లు. నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి, కన్వర్టర్‌లో వేసినా వత్తులు అటూ ఇటూ అవుతాయి. ఫైల్ హైదరాబాద్ ప్రెస్‌కు పోయేముందు అక్షరాలను కర్వ్స్ (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలు) చేయించి, ఆ తర్వాత మళ్లీ ప్రూఫ్ చూడండి. ఫోన్ నంబరును మాత్రం కళ్లతో చూసి వదిలేయొద్దు, ప్రూఫ్ కాగితం చూస్తూ డయల్ చేయండి. రెండోది రివర్స్ అక్షరాలు. ముదురు రంగు మీద తెల్లగా చిన్న అక్షరాలు పెడితే సిరా పాకి వత్తులు పూడుకుపోతాయి, "క్క"కు "క"కు తేడా తెలియదు. చిన్న అక్షరాలు తెల్ల కాగితం మీద ఒక్క నలుపులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపి నలుపు తెప్పిస్తే ప్లేట్లు కొంచెం జరిగినా మసకబారుతుంది. ఫోటోలు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపాలి. అంచుకు రంగు తగిలే డిజైనైతే చుట్టూ 3 ఎంఎం అదనంగా వదలాలి, లేకపోతే కటింగ్‌లో తెల్ల గీత పడుతుంది. క్యూఆర్ కోడ్ 2 సెంటీమీటర్లకు తగ్గొద్దు.

చీరల షాపు, కర్రీ పాయింట్, ట్యూషన్ లాంటివైతే పేపర్లో పెట్టించడం పనికొస్తుంది. ఏజెంటుకు ముందురోజు సాయంత్రమే కట్టలివ్వాలి. ఏ లైనుకు (ఒక్కో పేపర్ బాయ్ తిరిగే వీధులు) ఎన్ని కాపీలో అడిగి, మీకు కావలసిన కాలనీల లైన్లకే ఇవ్వండి. ఆదివారం వద్దు, అనుబంధంతో పాటు పది షాపుల కాగితాలు వస్తాయి కాబట్టి మీది వాటి కింద పోతుంది. నున్నటి ఆర్ట్ పేపర్ అయితే బాయ్ పేపర్ విసిరినప్పుడు జారిపోతుంది, పేపర్ మడత లోపల పెట్టమనండి. మొదటి రోజు తెల్లవారుజామున పేపర్లు దిగే పాయింటుకు వెళ్లి నిలబడండి. ఒక్కో పేపర్లో రెండేసి పడుతున్నాయా, కట్ట పక్కన మిగులుతోందా అక్కడే తెలుస్తుంది.

ఫలితం తెలుసుకోవడానికి రంగు కాగితాన్ని మించిన ఉపాయం లేదు. సింగిల్ కలర్ ప్రింటింగ్‌లో ప్లేటు ఒక్కటే, కాగితం మాత్రం మార్చొచ్చు: బస్టాండుకు పసుపు, అంగడికి గులాబీ, పేపరుకు ఆకుపచ్చ. "ఈ కాగితం తెస్తే 50 రూపాయలు తగ్గింపు" అని రాసి, వచ్చినవాటిని రంగుల వారీగా డబ్బాలో వేయండి. రెండు వారాల తర్వాత లెక్కపెడితే మళ్లీ వేయించేది ఏ చోటుకో తెలుస్తుంది. అందుకే మొదటిసారే పదివేలు కొట్టించకండి. పంచిన రోజు మాత్రం ఆ నంబరుకు ఫోన్ ఎత్తే మనిషి షాపులోనే ఉండాలి, రేటు అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి.