అరిగిపోయిన సగం రబ్బరు

మూడో తరగతి పిల్లలను మొదటి దివ్యసత్ప్రసాదానికి సిద్ధం చేసే పని సిస్టర్ గారు నాకు అప్పగించేనాటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు. దివ్యసత్ప్రసాదమంటే గుడి పూజలో క్రీస్తు శరీరంగా అందుకునే అప్పం. మాది ఫిరంగిపురం. మిల్‌హిల్ అనే కథోలిక మిషనరీ సభకు చెందిన థియోడర్ డీక్‌మన్ గారు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టించిన బాలయేసు దేవాలయం ఉన్న ఊరు. మా నాయనమ్మ పలకా బలపం పట్టుకుని కూర్చున్న బడిలోనే నేను పాఠం చెబుతున్నాను. అందుకే ఆ పని చేతికి వచ్చినప్పుడు సంతోషంతో పాటు భయం కూడా వేసింది.

జులై 16న కార్మెలు మాత పండుగ అయిన మరుసటి వారం మొదలుపెట్టాం. తరగతిలో 41 మంది ఉంటే సత్యోపదేశానికి, అంటే కథోలిక మతబోధకు, కూర్చునేది 23 మంది. మిగతా 18 మంది ఆ పీరియడ్‌లో పక్క గదిలో నీతికథలు వింటారు. ప్రభుత్వ సహాయం పొందే బడిలో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. పిల్లల తరఫున ఆ సమ్మతి తల్లిదండ్రులు ఇవ్వాలి. సిస్టర్ గారు జూన్‌లోనే వాళ్ళ సంతకాలు తీసుకుని బీరువాలో భద్రపరుస్తారు. అదే సరైన పద్ధతి. బలవంతాన చెప్పించిన జపం జపం కాదు.

పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం దసరా సెలవులకల్లా నోటికి వచ్చేశాయి. కష్టమల్లా పాస్కాకు (ఈస్టర్‌కు) ముందు వచ్చే తపస్కాలంలో, పాపసంకీర్తనం దగ్గర ఎదురైంది. సత్ప్రసాదానికి ముందు గురువు దగ్గర తమ పాపాలు ఒప్పుకోవడమే అది. ఏడేళ్ళ ప్రాయం వచ్చిన పిల్లలకు సత్ప్రసాదం ఇవ్వవచ్చని 1910లో పదవ పయస్ పోపుగారు నిర్ణయించారు. అంతకుముందు చాలాచోట్ల పది పన్నెండేళ్ళు వచ్చేదాకా ఆగేవారు. ఏడేళ్ళకే మంచిచెడ్డలు తెలుస్తాయని పోపుగారు నమ్మారు. నాకు మాత్రం ఆ నమ్మకం సడలింది. ఎలా చెప్పాలో అభ్యాసం చేయిస్తుంటే అందరిదీ ఒకటే పాట: అమ్మ మాట వినలేదు, అబద్ధమాడాను, తమ్ముణ్ణి కొట్టాను. తమ్ముడు లేని పిల్లవాడు కూడా అదే అప్పజెప్పాడు.

లోపం నా బోధనలో ఉంది. ఆత్మశోధన, మనస్తాపం, ఇక చేయననే నిశ్చయం, పాపం ఒప్పుకోవడం, పరిహారం. ఈ ఐదింటినీ బోర్డు మీద రాసి ఎక్కం మాదిరిగా వల్లె వేయించాను. రెండు రాత్రులు ఆలోచించి, ఈసారి చివరిదాని నుంచి మొదలుపెట్టాను. "ఎవరి దగ్గరైనా తీసుకున్న వస్తువు ఉంటే ఈ వారంలో తిరిగి ఇచ్చేయండి. నాతో చెప్పనక్కర్లేదు" అన్నాను.

తపస్కాలంలో ప్రతి శుక్రవారం పిల్లలు ఇంటి నుంచి పిడికెడు బియ్యం తెచ్చి వరండాలోని డబ్బాలో పోస్తారు. ఆ బియ్యం వృద్ధాశ్రమానికి వెళుతుంది. నీతికథల పిల్లలను ఎవరూ అడగరు, అయినా వాళ్ళూ తెస్తారు. ఆ శుక్రవారం డబ్బా దగ్గర ఒక పిల్లవాడు అందరూ వెళ్ళేదాకా నిలబడ్డాడు. పిడికిలి ఇంకా విప్పలేదు. వేళ్ళ సందుల్లోంచి గింజలు జారుతున్నాయి.

"టీచర్, రబ్బరు ఇచ్చేశాను. కానీ నా దగ్గర సగం అరిగిపోయింది. ఆ సగం ఎలా ఇవ్వాలి?"

నేను చదివిన సత్యోపదేశమంతా ఆ ప్రశ్న ముందు చిన్నదైపోయింది. కొత్త రబ్బరు కొనివ్వమని చెప్పడం తేలిక. కానీ వాళ్ళ నాన్న మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. "నీకేం తోస్తోంది?" అని అడిగాను. తల ఊపి, బియ్యం పోసి వెళ్ళిపోయాడు.

సోమవారం బోర్డు తుడిచే వంతు, వాడు తీసుకున్న రబ్బరు ఎవరిదో ఆ పిల్లది. ఆమె నీతికథల గదిలో కూర్చునే పిల్ల. మొదటి గంటకు ముందే వీడు వచ్చి, అందని పై వరుస కోసం కుర్చీ లాక్కుని, బోర్డంతా తుడిచేశాడు. ఆమె వంతు వారం రోజులూ అలాగే చేశాడు. ఎందుకని ఆమె అడగలేదు, వీడు చెప్పలేదు.

పాస్కాకు ముందు ఆదివారమైన మట్టలాదివారం రాకముందే మొదటి పాపసంకీర్తనాలు జరిగాయి. వాడు లోపల ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. బయటికి వచ్చి మరియమాత స్వరూపం ముందు మోకరిల్లాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. పాస్కా తరువాతి ఆదివారం, కుడిచేతి మీద ఎడమ అరచెయ్యి చాపి దివ్యసత్ప్రసాదం అందుకుంటుంటే, వాళ్ళ నాన్న వెనక వరుసలో నిలబడి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.