ఆయాసంలో కదిలేదెంత, కదలనిదెంత

నాకు ఉబ్బసం, సీఓపీడీ (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకై గాలికి అడ్డంకి మిగిలిపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రెండూ ఉన్నాయి. రెండూ కలిసినప్పుడు వైద్యం కాస్త వేరుగా ఉంటుంది. అది తెలియక మందులు మార్చుకుంటే దెబ్బ తినేది ఊపిరితిత్తులే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండూ ఉన్నాయన్న సంగతి ముందుగా స్పైరోమెట్రీలోనే, అంటే ఊదించి ఊపిరిని కొలిచే పరీక్షలోనే బయటపడుతుంది. గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఊపున వదిలి, ఇక రానంతవరకూ వదులుతూనే ఉండాలి. తర్వాత నాళాలను త్వరగా తెరిచే సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు, అంటే 400 మైక్రోగ్రాములు ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో నేను వదిలిన గాలి 1.30 లీటర్ల నుంచి 1.62 లీటర్లకు పెరిగింది. పెరుగుదల 200 మిల్లీలీటర్లూ, 12 శాతమూ రెండూ దాటితే శ్వాసనాళాలు మందుకు తెరుచుకుంటున్నట్టు లెక్క. నాది దాదాపు 25 శాతం. ఇది కదిలే భాగం, ఉబ్బసం ఛాయ. అయితే మందు పీల్చాక కూడా నేను వదిలిన మొత్తం 2.80 లీటర్లలో మొదటి సెకనులో వచ్చింది 0.58 వంతే. 0.70 కంటే తక్కువుంటే అడ్డంకి ఇంకా మిగిలే ఉన్నట్టు. ఇది కదలని భాగం. మందు పీల్చాక పెరగడం సీఓపీడీ ఒక్కటే ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది. కాబట్టి డాక్టర్లు ఈ ఒక్క అంకె మీదే ఆధారపడరు. చిన్ననాటి ఉబ్బసం, అలర్జీలు, పొగ అలవాటు, రక్తంలో ఇసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్లకణాలు) సంఖ్య, అన్నీ కలిపి చూస్తారు.

మందుల్లో ఒక్క విషయం మాత్రం మరిచిపోకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు పీల్చే స్టిరాయిడ్ లేకుండా, ఎక్కువసేపు పనిచేసే నాళాలు తెరిచే మందు ఒక్కదాన్నే వాడటం ప్రమాదం. నాళాలు తెరుచుకుని హాయిగా అనిపిస్తుంది గానీ లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది. సీఓపీడీ మాత్రమే ఉన్నవాళ్లలో స్టిరాయిడ్ వల్ల న్యుమోనియా ముప్పు పెరుగుతుంది కాబట్టి కొందరికి దాన్ని ఆపేస్తుంటారు. ఫైలులో సీఓపీడీ అన్న మాట ఒక్కటే చూసి కొత్త డాక్టరు నాకూ అలాగే ఆపేసే వీలుంది. అందుకని మొదటి పేజీలోనే ‘ఉబ్బసం కూడా ఉంది, స్టిరాయిడ్ ఆపవద్దు’ అని మా డాక్టరు చేత రాయించుకున్నాను. మీరూ రాయించుకోండి. నాకు బుడెసొనైడ్ అనే స్టిరాయిడ్, నాళాలు తెరిచే ఫార్మోటెరాల్ కలిపిన ఇన్‌హేలర్‌తో పాటు, నాళాలు తెరిచే మరో మందు టియోట్రోపియం కూడా ఉంది.

మందు సరైనదే అయినా లోపలికి చేరకపోతే ఫలితం ఉండదు. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. గ్యాస్ ఇన్‌హేలర్‌ను బాగా ఊపి స్పేసర్‌కు, అంటే మందు తుంపరలు నిలిచే బోలు గొట్టానికి తగిలించాలి. ముందు ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, ఒక్క పఫ్ నొక్కి, నాలుగైదు సెకన్లు మెల్లగా పీల్చి, పదిదాకా లెక్కపెట్టేంతసేపు బిగపట్టాలి. గబుక్కున పీలిస్తే మందంతా గొంతుకే తగులుతుంది. రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి కొడితే తుంపరలు ఒకదానికొకటి అంటుకుని లోపలికి చేరే మందు తగ్గుతుంది. పొడి ఇన్‌హేలర్‌ది తద్విరుద్ధం. దాన్ని బలంగా, వేగంగా పీల్చాలి, అందులోకి ఊపిరి వదలకూడదు, తేమకు పొడి గడ్డకడుతుంది. మెల్లగా పీల్చేదొకటి, వేగంగా పీల్చేదొకటి ఇంట్లో ఉంటే చేయి తడబడుతుంది. అవకాశం ఉంటే రెండూ ఒకే రకంవి అడగండి. స్టిరాయిడ్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే నాలుక మీద తెల్లపూత వస్తుంది. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే లోపల స్థిర విద్యుత్తు పుట్టి మందును గోడలకే లాగేస్తుంది.

ఈ రోజు ఎక్కువైంది ఏ జబ్బో కనిపెట్టడం అలవాటు మీద వస్తుంది. తెల్లవారుజామున పిల్లికూతలతో మెలకువ వచ్చి, పఫ్ తీసుకున్న పావుగంటలో తేలికపడితే ఉబ్బసం వైపు. రెండు మూడు రోజులుగా కళ్లె పెరిగి, చిక్కబడి, పచ్చగా మారుతూ, పఫ్‌కు అంతంతమాత్రంగా లొంగితే సీఓపీడీ వైపు, తరచు ఇన్‌ఫెక్షన్‌తో. ఊపిరి ఎంత వేగంగా వదలగలమో చూపే పీక్ ఫ్లో మీటరులో మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకుంటాను. నా అత్యుత్తమం నిమిషానికి 240 లీటర్లు. 192 కంటే, అంటే 80 శాతం కంటే తగ్గితే జాగ్రత్తపడతాను, 120 కంటే తగ్గితే ఆసుపత్రికే. ఈ మీటరు సీఓపీడీ తీవ్రతను తక్కువ చేసి చూపవచ్చు. అంకె బాగుంది కదా అని కళ్లె రంగును, మెట్ల మీది ఆయాసాన్ని పట్టించుకోకుండా ఉండకండి.

జబ్బు ఉధృతమైనప్పుడు నాకు రాసిచ్చే కోర్సు ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. మిగిలిన మాత్రలు దాచుకుని తర్వాత సొంతంగా వేసుకోకూడదు. ఆక్సిజన్ కూడా ఇష్టమొచ్చినంత పెట్టించుకునేది కాదు. బొగ్గుపులుసు వాయువు పేరుకునే ముప్పున్న సీఓపీడీ రోగులకు రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉండేలా చూస్తారు. అంతకు మించితే ఆ వాయువు పెరిగి మగత, తలనొప్పి రావచ్చు. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఇంట్లో ఆగకూడదు.

కోలుకోవడంలో నాకు మందులంత మేలు చేసింది పల్మనరీ రిహాబిలిటేషన్, అంటే వ్యాయామం, ఊపిరి పద్ధతులు నేర్పే శిక్షణ, ఎనిమిది వారాలు. సీఓపీడీలో పాత గాలి పూర్తిగా బయటికి పోకముందే కొత్త గాలి పీలుస్తాం. లోపల చోటు ఉండదు, ఆయాసం పెరుగుతుంది. అందుకే ముక్కుతో రెండు అంకెలు పీల్చి, దీపం రెపరెపలాడేంత మెల్లగా, పెదాలు ముడిచి నాలుగు అంకెలు వదలాలి. మెట్లెక్కేటప్పుడు నిలబడి పీల్చి, వదులుతూ రెండు మెట్లు ఎక్కుతాను. ఆగి పీల్చి, మళ్లీ వదులుతూ రెండు.