ఊరందరికీ లేనిది నీకొక్కదానికేనా?

పర్లాకిమిడిలో మాది పాత పెంకుటిల్లు. వానలు పడితే చాలు, తూము వెంట బొద్దింకలు, పెరట్లోంచి దోమలు. బొద్దింకల స్ప్రే కొట్టినప్పుడల్లా నాకు పెదాలు చిమచిమలాడేవి, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. చెప్తూనే ఉన్నాను. "ఊరందరూ కొట్టుకుంటున్నారు, ఊరందరికీ లేనిది నీకొక్కదానికేనా?" అన్నారు మా బావగారు. పదిమందిలో అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

వినాయక చవితి ముందు రోజు. మర్నాడు చుట్టాలొస్తారని, వాన జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూసి, వంటింటి గట్టు కింద, సింకు కింద, బీరువా వెనక డబ్బా అయిపోయేదాకా కొట్టారు. నేను పక్క గదిలో పడుకున్నాను. నడిరాత్రి మెలకువ వచ్చేసరికి ఛాతీలో పిల్లికూతలు. పీల్చిన గాలి బయటికి రావట్లేదు. "తలు" అన్నాను. మిగతా అక్షరానికి ఊపిరి చాల్లేదు. మా ఆయన గబగబా తలుపు తీసి వీధి అరుగు మీద కూర్చోబెట్టారు. స్తంభం పట్టుకుని ముందుకి వంగి కూర్చున్నాను. వెనక్కి వాలితే ప్రాణం పోతుందని ఒంటికే తెలుస్తోంది. ఎదురింటి ఒడియా అబ్బాయి లుంగీ మీదే ఆటో తీశాడు. దారంతా "డరొ నాహిఁ మావుసీ" (భయం లేదు పిన్నీ) అంటూనే ఉన్నాడు. వాడి రుణం ఈ జన్మకి తీరదు.

దగ్గర్లో ఉన్న నర్సింగ్‌హోంలో డ్యూటీ డాక్టరు స్టెతస్కోపు కూడా పెట్టలేదు. "గ్యాసమ్మా. ఈ వయసులో ఆడవాళ్ళకి టెన్షన్ ఎక్కువ" అన్నాడు. పెదాలు నల్లబడుతున్న మనిషితో! నర్సమ్మే వేలికి క్లిప్పు పెట్టి చూసి, ఆక్సిజన్ తగిలించి, "సార్, ఒక్కసారి వినండి" అని గట్టిగా అంది. ఆ తర్వాత నెబ్యులైజర్, ఇంజక్షన్లు, తెల్లవారింది. ఆ నర్సమ్మ పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. ఆ డాక్టరు మీద కోపం మాత్రం ఈ రోజుకీ చల్లారలేదు.

బరంపురంలో ఛాతీ డాక్టరుగారు గొట్టంలో ఊదించి ఆస్తమా అని తేల్చారు. స్ప్రే డబ్బా తెప్పించుకుని వెనక పేర్లు చదివారు: సైపర్‌మెత్రిన్, ఇమిప్రోత్రిన్. రెండూ పైరెత్రాయిడ్లే. చామంతి జాతి పువ్వులోని మందుని చూసి తయారుచేసినవి, పురుగు నరాలని దెబ్బకొడతాయి. మామూలు మనుషులకి పెద్దగా ఏమీ కాకపోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఆ మందు, అందులో కలిపే కిరసనాయిల్లాంటి ద్రావకం, సెంటు, ఏదైనా సరే ఊపిరిగొట్టాల్ని బిగించెయ్యగలదు. దోమల కాయిల్, ప్లగ్గు లిక్విడ్, గీత గీసే సుద్ద, చాలామటుకు ఇదే కుటుంబం. బావగారు పక్కనే ఉన్నారు. "ఈవిడది భయం కాదండీ, జబ్బు" అని డాక్టరుగారు ఆయన వైపు చూసే చెప్పారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

అలాగని బొద్దింకల్ని వదిలెయ్యకూడదు. వాటి రెట్ట, పొట్టు కూడా ఆస్తమాని రేపుతాయి. మేం ముందు తూముకి జల్లెడ బిగించాం, గోడ సందులు సిమెంటుతో పూడ్చాం, అట్టపెట్టెలన్నీ పారేశాం. రాత్రి సింకులో ఎంగిలి గిన్నె ఉండదు, తడి ఉండదు. బీరువా మూలల్లో, తలుపు బందుల దగ్గర జెల్ మందు చుక్కలు పెడతాం, దానికి ఘాటు లేదు. బోరిక్ పౌడరు, పంచదార కలిపిన ఉండలూ పనిచేస్తాయి గానీ, పసిపిల్లలకీ కుక్కకీ అందకూడదు, తింటే విషమే. వేపాకు పొగ వెయ్యమని చాలామంది చెప్పారు. నాలాంటి వాళ్ళకి ఏ పొగైనా పొగే.

మా వైపు మలేరియా ఉంది, దోమల్ని తేలిగ్గా తీసుకోలేం. కిటికీలకి జాలీ కొట్టించాం. సర్కారు పంచే దోమతెరలకి కూడా ఇదే జాతి మందు పట్టించి ఉంటుంది. మలేరియా ఊళ్ళకి అవి చాలా అవసరం, నేను మాత్రం మందు లేని మామూలు తెర కట్టుకుంటాను. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారం వారం డ్రమ్ములు, కుండీలు వంచేసి, తోమి ఆరబెడతాం.

పాతపట్నం నీలమణి అమ్మవారికి మొక్కు తీర్చుకున్నాను. ఆ రాత్రి తలుపు తీయించింది ఆ తల్లే అని నా నమ్మకం. ఇన్‌హేలర్ మాత్రం తలగడ కిందే ఉంటుంది.

మీ ఇంట్లో ఎవరికైనా స్ప్రే తర్వాత ఆయాసం వస్తే ముందు బయటి గాలికి తీసుకెళ్ళండి, మాట తెగుతుంటే 108కి ఫోన్ చెయ్యండి. డబ్బా వెంట పట్టుకెళ్ళండి. అక్కడెవరైనా గ్యాస్ అంటే, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ ఎంతుందో చూపించమని అడగండి. చూపించేదాకా కదలకండి.