గన్నవరం మామ్మ, పలివెల ఇంటిపేరు

మా నాన్నగారి అమ్మని మా ఊళ్ళో ఎవరైనా పేరుపెట్టి పిలవగా నేను వినలేదు. తోటికోడళ్ళకి గన్నవరం అక్క, ఎదురింటివాళ్ళకి గన్నవరం పిన్నిగారు, మా పిల్లమూకకి గన్నవరం మామ్మ. పాలకొల్లు దగ్గర మా ఊరికి కాపురానికొచ్చి, ఐదుగురు పిల్లల్ని కని, మనవల పెళ్ళిళ్ళు కూడా చూసి అక్కడే కన్నుమూసింది. అయినా చివరిదాకా గన్నవరం మనిషే, కోనసీమ గన్నవరం.

మా ఇంటిపేరు పలివెల. మా ఇంటిపేరు అంటున్నాను గానీ పెళ్ళయ్యాక ఆధార్ కార్డులో నాదీ మారింది. ఆ పలివెల సంగతి తెలుసుకోవాలన్న పట్టుదల ఇంట్లో మగపిల్లలెవరికీ లేకుండా నాకే పట్టుకోవడం మా చిన్నాన్నకి ఇప్పటికీ నవ్వులాటే.

పట్టుకోవడానికి కారణం మామ్మ ట్రంకుపెట్టె. చిన్నాన్న ఇల్లు బాగుచేయిస్తూ అటక మీంచి దింపితే, అడుగున రెండు దస్తావేజులు కనిపించాయి. ఒకటి 1911 నాటి పొలం క్రయపత్రం. అందులో మావాళ్ళ ఊరు "కృష్ణా జిల్లా నరసాపురం తాలూకా" అని ఉంది. అయితే మనం బందరు వైపు వాళ్ళమా అని చిన్నాన్న తెగ ఆశ్చర్యపోయాడు. అదేం కాదు. 1904లో నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాల్ని గోదావరి జిల్లాలోంచి తీసి కృష్ణాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేవరకూ అవి అక్కడే ఉన్నాయి. పాత కాగితాల్లో తాత ముత్తాతల్ని వెతికేవాళ్ళు జిల్లా పేరు చూసి బెంబేలెత్తిపోకూడదు. వాళ్ళు కూర్చున్నచోటే కూర్చున్నారు, జిల్లాయే తిరిగింది.

రెండోది, పసుపు కుంకుమ కింద మామ్మకి వాళ్ళ నాన్నగారు కొబ్బరితోట రాసిచ్చిన దఖలు. నేను దాన్ని ఎన్నిసార్లు చదివానో! "ముంగండ" వారి కుమార్తె, "పలివెల" వారి భార్య అని ఒకే వరసలో రాశారు. మామ్మ పుట్టింటి ఇంటిపేరు నేను చూడడం అదే మొదలు. తను ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

పాలకొల్లు నుంచి గన్నవరం పోవాలంటే ఇప్పుడు చించినాడ వంతెన ఎక్కితే చాలు. నేను మాత్రం నరసాపురం వెళ్ళి మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కాను. వంతెన లేని రోజుల్లో మామ్మ పుట్టింటికి వెళ్ళాలంటే గోదావరి పాయ వశిష్ఠని పడవ మీద దాటాల్సిందే మరి. పంటు మీద మోటారు సైకిళ్ళు, ఒక కారు, రెండు గేదెలు, మధ్యలో నేను. పక్కన నిలబడ్డ పెద్దాయన నరసాపురం ఒడ్డు కనుమరుగు కాకముందే మొదలుపెట్టాడు. "ఎవరి తాలూకమ్మా?" చెప్పాను. "ఇంటిపేరు?" చెప్పాను. "అయితే మీది కొత్తపేట దగ్గర పలివెలండి, ఇవతల కాదు" అని సఖినేటిపల్లి రేవు రాకుండానే తేల్చేశాడు. మనవైపు ఈ ప్రశ్నలు విసుగనిపించే మాట నిజమే. కులం ఆరా తీయడానికే అడిగేవాళ్ళూ ఉంటారు. ఈయన మాత్రం ఊళ్ళ లెక్క కోసమే అడిగినట్టుంది, ఆ తర్వాత ఇంకేం అడగలేదు.

మలికిపురం, రాజోలు, తాటిపాక మీదుగా బస్సులో అక్విడెక్టు దగ్గర దిగాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక, ఆ నీళ్ళు ఇంకో పాయ వైనతేయ దాటి నగరం లంకకి చేరాలని కమానులు కట్టి నది మీంచి కాలువని పారించారు. కింద గోదావరి, పైన గోదావరి. పాతదాని పక్కన కొత్త అక్విడెక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఏ వేళప్పుడు ఎవరు గడప తొక్కినా అన్నం పెట్టిన మనిషి, 1909లో పోయారు. మా మామ్మ ఆవిణ్ణి చూసే వయసుది కాదు. అయినా ఎవరైనా రెండోసారి అన్నం వద్దంటే, "సీతమ్మగారి ఊరిదాన్నిరా, నా పరువు తియ్యకు" అని గరిటె బోర్లించేసేది. తమాషా ఏమిటంటే సీతమ్మగారు పుట్టింది మండపేటలో, గన్నవరం ఆవిడకి అత్తవారి ఊరు. ఆవిడ అత్తవారి ఊరితో నిలిచిపోయారు, మా మామ్మ పుట్టింటి ఊరితో.

అలా అనుకుంటూనే మామ్మ పుట్టింట్లో అడుగుపెట్టాను. ఇప్పుడక్కడ ఉన్నది మామ్మ తమ్ముడి కోడలు. నాకు అత్తయ్య వరస. పెరట్లో పనసాకులు కోయించి, ఈనెపుల్లలతో బుట్టల్లా కుట్టి, వాటిలో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వేసింది. మామ్మ కుట్టే తీరే అది, నాలుగో ఆకు లోపలికి మడిచి. మా ఊళ్ళో మా వీధిలో పనసచెట్టు లేక, వాళ్ళింటికీ వీళ్ళింటికీ కబురుపెట్టి ఆకులు తెప్పించుకునేది. పిండి ఉడుకుతుంటే ఆకు వాసన ఇల్లంతా పరుచుకుంది. నేను కాసేపు మాట్లాడలేకపోయాను. అత్తయ్య చూడనట్టే ఊరుకుని, చట్నీలోకి కొబ్బరి కోరుకుంది.

తింటూ ఉండగా ఆవిడ యథాలాపంగా అంది. "మీ పాలకొల్లు అత్తయ్యగారికి చట్నీలో అల్లం పడాలి."

"ఎవరికి?"

"మీ మామ్మకేనే. మేమంతా పాలకొల్లు అత్తయ్యగారనే కదా అనేవాళ్ళం!"

ఇవతల గన్నవరం, అవతల పాలకొల్లు. ఏ ఒడ్డున ఉంటే అవతలి ఒడ్డు పేరు. కాకినాడ అత్తయ్యని కాకినాడలో ఎవరూ కాకినాడ అత్తయ్య అనరు కదా. ఇంటిపేర్ల వెనకాల ఇంత చిన్న సంగతి ఉందని నాకు అప్పుడే తట్టింది. ఊళ్ళో ఉన్నంతకాలం ఆ ఊరు ఎవరికీ ఇంటిపేరు కాదు. వదిలి వెళ్ళాక, కొత్త ఊళ్ళోవాళ్ళు "పలివెల వాళ్ళు" అంటే అది అంటుకుంటుంది. పెద్ద దూరం కూడా అక్కర్లేదు. మామ్మవాళ్ళ ముంగండ, సంస్కృత కవి జగన్నాథ పండితరాయలు పుట్టిన ఊరు, గన్నవరం మండలంలోదే. తిరగేసి జరిగినవీ ఉన్నాయి. వరదొస్తే పడవల మీద తిరిగే ఇక్కడి లంక ఊళ్ళలో ఒకదాని పేరు అరిగెలవారిపేట, అక్కడ ఇంటిపేరే ఊరి పేరైంది.

అత్తయ్య పక్కింటావిణ్ణి పిలిచి నన్ను చూపించింది. "మా హైదరాబాదు మేనకోడలు."

మర్నాడు పలివెల. అంబాజీపేట మీదుగా కొత్తపేట, అక్కణ్ణుంచి ఆటో. ఉమా కొప్పులింగేశ్వరస్వామి గుడి చూడకుండా ఆ ఊరు వదలకూడదు. స్వామి ప్రసాదంగా పంపిన పూలదండలో వెంట్రుక కనిపించి రాజు నిలదీస్తే, శివుడికి కొప్పుందని అర్చకుడు బొంకాడట. భక్తుడి మాట నిలబెట్టడానికి శివుడు నిజంగానే కొప్పు మొలిపించుకున్నాడట. ఆ కొప్పు లింగం మీద ఇప్పటికీ చూపిస్తారు. అబద్ధం చెప్పినవాణ్ణి వెనకేసుకొచ్చే దేవుడంటే నాకు ముందునుంచీ ఇష్టమే.

గుడి అరుగు మీద కూర్చున్న పెద్దమనుషుల్ని అడిగాను, ఊళ్ళో పలివెల ఇంటిపేరువాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఒకాయన పకపకా నవ్వాడు.

"ఇక్కడెవరూ లేరమ్మా. పలివెల వాళ్ళంతా బయటి ఊళ్ళనుంచే వస్తారు. మీలాగే కార్లేసుకుని, ఆటోలేసుకుని వచ్చి ఇదే అడిగి పోతుంటారు."

అలా వచ్చినవాళ్ళలో ఒకాయన తాడేపల్లిగూడెం నుంచి వచ్చి తన ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళాడట, ఎవరైనా వస్తే ఇమ్మని. ఆ చీటీ జేబులోంచి తీసి ఇచ్చాడాయన. రావులపాలెం బస్సులో కూర్చుని ఫోన్ చేశాను. గోత్రాలు చెప్పుకున్నాం, కలవలేదు. తాతలు ముత్తాతల పేర్లు చెప్పుకున్నాం, అవీ కలవలేదు. ఆయనదీ మాదీ కులం కూడా ఒకటి కాదు. ఊరు ఒకటి గనక ఇంటిపేరు ఒకటైంది, అంతే. ఇద్దరం కాస్త నిరుత్సాహపడ్డాం. ఫోన్ పెట్టేసేముందు ఆయనే అన్నాడు, తాడేపల్లిగూడెం ఎలాగూ రైలు దారే గదండీ, దిగి భోంచేసి వెళ్ళండి అని. నా రైలు రాత్రికి. దిగుతానని చెప్పాను.