చెక్కల మోతకు బొమ్మ కట్టడం

మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోవడంతో కావలిలో పెళ్లి వీడియోలు కూర్చే మా మిక్సింగ్ గదిలో ఈ వారం పెద్దగా పని లేదు. బిట్రగుంట దగ్గరి ఒక ఊరి చెక్కభజన బృందం వారు ఇచ్చి వెళ్లిన పెన్‌డ్రైవ్‌ను అందుకే ఈ ఉదయం తీరికగా తెరిచాను. అందులో వీడియో లేదు. రామాలయం ముందు ఎవరో ఫోనులో పట్టిన పాట మాత్రమే ఉంది. శ్రీరామనవమికి దానిని యూట్యూబులో పెట్టుకోవాలనీ, పాట సాగినంతసేపూ దేవుడి పటం ఒక్కటే నిలబెట్టకుండా పాటతో పాటు కదిలేది ఏదైనా చేసి పెట్టమనీ వారి కోరిక. పని నాకు ఇష్టమైనదే. అయితే ఇందుకు దొరికే సాఫ్ట్‌వేర్లలో చాలా వాటి వరస చూస్తే, నిమిషానికి 120, 128 దెబ్బలు ఒకే తీరున పడే డాన్సు సంగీతాన్ని మనసులో పెట్టుకుని చేసినవని తెలిసిపోతుంది. అటువంటి పాట ఇస్తే అవి మన ప్రమేయం లేకుండానే చక్కగా ఆడతాయి. చెక్కభజన ఇస్తే మాత్రం తెరంతా ఒక్కసారిగా ఊగుతుంది, ఎందుకు ఊగుతున్నదో చూసేవారికి అంతుపట్టదు.

ఈ విద్య కంప్యూటర్లతో పుట్టినది కాదు. జర్మనీకి చెందిన ఆస్కార్ ఫిషింగర్ 1930లలోనే సంగీతంలోని పలుకులకు తగినట్లు ఆకారాలను చేత్తో కదిలిస్తూ, ఫ్రేము తరువాత ఫ్రేముగా చిత్రాలు తీశాడు. ఏ వాద్యానికి ఏ ఆకారం, ఎక్కడ కదలిక, ఎక్కడ నిశ్చలం అన్నవన్నీ మనిషి తీసుకున్న నిర్ణయాలే. పాటకు తగ్గట్లు తెర మీద రంగులు ఆడించే మిల్క్‌డ్రాప్‌ను 2001లో రయన్ గైస్ తయారు చేశాడు. అది పాటలు వినిపించే విన్యాంప్ సాఫ్ట్‌వేర్‌తో పాటు లోకమంతా పాకాక ఆ నిర్ణయాలు చాలావరకు యంత్రం చేతికి పోయాయి. ఇంటర్నెట్ సెంటర్లలో బ్రౌజింగ్ పక్కన పెట్టి ఆ రంగుల సుడులను చూస్తూ కూర్చున్న తరం మాది కనుక దాని మీద నాకు అభిమానం ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల దాని రూపాంతరం ప్రాజెక్ట్‌ఎమ్ ఇప్పటికీ దొరుకుతుంది, ఇవాళ పాటను మొదట దానికే వినిపించాను. రంగులకేమీ లోటు లేదు గాని, గురువుగారు పల్లవి ఎత్తుకున్నా, గుంపు అందుకున్నా, మధ్యలో ఎవరో ఈల వేసినా దానికి అంతా ఒక్కటే. మోత పెరిగితే బొమ్మ పెరుగుతుంది, అంతే. ఒక బొమ్మకు ఒకే శబ్దం యజమానిగా ఉండాలనీ, మిగిలిన శబ్దాలు ఎంత మోగినా ఆ బొమ్మ పట్టించుకోకూడదనీ నా అభిప్రాయం. ఇవాళంతా చేసింది ఆ యజమానులను ఏర్పాటు చేయడమే.

కంప్యూటరుకు పాట అంటే సంఖ్యల వరుస. ఈ రికార్డింగులో సెకనుకు 44,100 సంఖ్యలున్నాయి. వీడియో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి ఒక్కో ఫ్రేము వాటాకు 1,764 వస్తాయి. ఆ సంఖ్యల ఎత్తుపల్లాలను కొలిస్తే ఎంత గట్టిగా మోగిందో తెలుస్తుంది గాని ఏది మోగిందో తెలియదు. బొమ్మలను కదిలించే సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో శబ్దాన్ని కీఫ్రేములుగా, అంటే కదలికను నడిపే విలువలుగా మార్చే ఆదేశం ఇచ్చేది ఈ మొదటి సంగతినే; ఎడమ చానెల్, కుడి చానెల్, రెండూ కలిపి అని మూడు స్లయిడర్లు వస్తాయి, డోలక్ ఏదో చెక్క ఏదో వాటికి తెలియదు. రెండో సంగతి తెలియాలంటే ఫూరియే అనే గణిత పద్ధతిలో శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో (హెర్ట్జ్‌లలో) దానిని బట్టి విడగొట్టాలి. ఆ లెక్కను వేగంగా చేసే మార్గాన్ని 1965లో జేమ్స్ కూలీ, జాన్ ట్యూకీ ప్రచురించారు. ఫోనులో పాట మోగుతుండగా తెర మీద పట్టీలు లేచి పడుతున్నాయంటే లోపల నడిచేది సాధారణంగా అదే లెక్క.

ఇక్కడొక బేరం ఉంది. అన్ని సాఫ్ట్‌వేర్లూ దానిని ఒక చిన్న మెనూలో దాచిపెడతాయి గాని పనంతా దాని మీదే ఆధారపడుతుంది. ఒక్క లెక్కకు 2,048 సంఖ్యలు తీసుకుంటే సుమారు 46 మిల్లీసెకన్ల శబ్దం చూసినట్లు, ఫ్రీక్వెన్సీలు 21.5 హెర్ట్జ్‌ల గళ్లుగా విడిపోతాయి. దెబ్బ ఎప్పుడు పడిందో చెప్పడానికి అది చాలు. గొంతు కింది స్థాయిలో 131 హెర్ట్జ్ దగ్గర షడ్జం పలుకుతున్నదనుకుంటే దాని పక్క స్వరస్థానం 139 దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ రెండూ ఒకే గడిలో పడిపోతాయి. 8,192 సంఖ్యలు తీసుకుంటే గడి 5.4 హెర్ట్జ్‌లకు సన్నబడి స్వరాలు విడివడతాయి, కాని ఒక్కో లెక్కకు 186 మిల్లీసెకన్ల శబ్దం కావాలి కనుక చెక్క దెబ్బ అయిదారు ఫ్రేముల మీద అలుక్కుపోతుంది. ఒక్కో లెక్కకు తీసుకునే ఈ శబ్దం ముక్కనే కిటికీ అంటారు. దెబ్బలకు పొట్టి కిటికీ, స్వరాలకు పొడుగు కిటికీ అన్నమాట. రెండింటినీ ఒకే లెక్కతో సాధించాలనుకుంటే రెండూ చెడతాయి. వీడియో, ఆడియోలను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్‌లోని షోసీక్యూటీ అనే ఫిల్టరు కింది స్వరాలకు పొడుగు కిటికీ, పై స్వరాలకు పొట్టి కిటికీ తీసుకుంటూ పట్టీలను స్వరస్థానాల వరుసలోనే చూపిస్తుంది. హార్మోనియం శ్రుతి ఎక్కడున్నదో ఒకసారి కంటితో చూసుకోవడానికి దానిని వాడాను.

అసలు పని త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో జరిగింది. రోజూ పట్టే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్‌ను చివరి కూర్పుకే ఉంచుకున్నాను. బ్లెండర్ గ్రాఫ్ ఎడిటర్‌లో ఒక శబ్దాన్ని తీసుకుని, కింది హద్దు పై హద్దు హెర్ట్జ్‌లలో చెప్పి, ఆ మధ్య వినిపించేదానిని కర్వ్‌గా, అంటే మోతను బట్టి లేచి దిగే గీతగా మార్చుకోవచ్చు. ఒకే పాటను మూడు వేర్వేరు జల్లెడలతో జల్లించినట్లు మూడుసార్లు మార్చాను. శబ్దాలను కూర్చే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ (ఫ్రీక్వెన్సీల పటం) చూసుకుంటే ఈ రికార్డింగులో డోలక్ ఎడమ వైపు మోత 60 నుంచి 150 హెర్ట్జ్‌ల మధ్య చిక్కగా కనిపించింది. చెక్కలకు బిగించిన గజ్జెల రేకులు 5,000 పైన సన్నని నిలువు గీతలుగా తేలాయి. గొంతూ హార్మోనియమూ మాత్రం మధ్యలో ఒకదానిమీదొకటి పడి ఉన్నాయి. ఆ రెండింటినీ హద్దులతో విడగొట్టడం కుదరదు. అందుకని గొంతును వేరు చేయడానికి డెముక్స్ అనే ప్రోగ్రామ్ నడిపాను. అది పాటను గొంతు, డ్రమ్స్, బేస్, మిగిలినవి అని నాలుగు పాళ్లు చేస్తుంది. దాని శిక్షణకు ఆధారమైన మ్యూస్‌డీబీ అనే పాటల సంకలనంలో ఉన్న 150 పాటలూ చాలావరకు పాశ్చాత్య పాప్, రాక్ పాటలే కనుక చెక్కభజనను అది ఎటు పడితే అటు పంచుతుందనుకున్నాను. చెక్కలు కొన్ని డ్రమ్స్‌లోకి, కొన్ని మిగిలినవాటిలోకి వెళ్లాయి గాని గొంతు మాత్రం ఆశ్చర్యంగా శుభ్రంగానే వచ్చింది.

రెండో చరణం తరువాత హార్మోనియం కర్వ్ ఒక్కసారిగా కొండలా లేచి నాలుగైదు సెకన్లు దిగలేదు. పెట్టె తోసేవారు అంత గట్టిగా తోశారా అని చెవిపెట్టి వింటే అది రైలు హారను. బిట్రగుంట మీదుగా పోయే రైళ్లకు భజన జరుగుతున్నదని తెలియదు కదా. హారను హార్మోనియం పలికే మేరలోనే మోగింది కాబట్టి జల్లెడలో నిలవలేదు. పాటలో దాని జోలికి పోకుండా, కర్వ్‌ను మాత్రం ఆ చోట చేత్తో చదును చేశాను.

కర్వ్ దొరికితే సగం పని అయినట్లే, మిగతా సగం దానిని మచ్చిక చేసుకోవడం. ఎంత వేగంగా లేవాలి, ఎంత నిదానంగా దిగాలి అన్న రెండు విలువలకు బ్లెండర్ మొదట ఇచ్చేవి 0.005, 0.2. దెబ్బకు లేవడం చటుక్కున ఉండాలి, అది సరిపోయింది. దిగడాన్ని డోలక్‌కు ఇంకొంచెం నిదానం చేస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య బొమ్మ పూర్తిగా చచ్చిపోకుండా ఊపిరి పీల్చినట్లుగా నడిచింది. ఆ తరువాత బొమ్మ శబ్దానికంటే ఒక ఫ్రేము ముందే కదిలేలా కర్వ్‌నంతటినీ జరిపాను. శబ్దం బొమ్మకంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా చూసేవారు గుర్తుపట్టగలరనీ, 125 దాకా వెనకబడినా గుర్తుపట్టరనీ ప్రసార రంగంలో పాటించే అంతర్జాతీయ కొలత చెబుతుంది. మెరుపు ముందు, ఉరుము వెనుక అన్న క్రమానికి మన కళ్లూ చెవులూ అలవాటుపడినవే కాబట్టి బొమ్మ ఒక వెంట్రుకవాసి ముందుంటే తప్పులేదు. వెనకబడితే మాత్రం పాట వేరు బొమ్మ వేరుగా కనిపిస్తాయి.

బొమ్మ అంటే పెద్ద హంగేమీ లేదు. ముదురు కావిరంగు నేల, దాని మీద పైనుంచి చూసినట్లుగా వలయాకారంలో నిలబడిన చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో భజనగాడు, నడుమ పాట మాటలు. దీనిని రెండు తీరుల్లో చేసి ఉంచాను. మొదటి దాంట్లో చెక్క దెబ్బకు చుక్కలు గెంతుతాయి. రెండో దాంట్లో డోలక్‌కు అడుగు వేస్తాయి, చెక్కలకు కొద్దిగా వెలుగుతాయి. మధ్యాహ్నం బృందం గురువుగారు సంతలో పని చూసుకుని ఇటు వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే రెండూ చూశారు.

"చెక్క కొట్టేది చెయ్యి అబ్బయ్యా, అడుగు పడేది దరువుకి గదా. ఈ మొదటిదాంట్లో మనుషులు ఎగురుతుండారు, ఆడట్లా" అన్నారు.

"మరి రెండోది ఉంచేద్దామా గురువుగారూ?" అని అడిగాను.

"ఉంచు. అయితే వీళ్లంతా ఒకే తట్టు పోతుండారే. లోపలి వరస ఇట్టా వస్తే బయటి వరస అట్టా పోవాల. అది లేకపోతే మా వాళ్లు నన్నే అడుగుతారు."

ఏ సాఫ్ట్‌వేరూ ఈ సంగతి చెప్పదు. వలయాన్ని రెండు వరసలు చేసి ఒకదానిని అటూ ఒకదానిని ఇటూ తిప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. కర్వ్ అదే, దాని ముందు ఒక రుణ గుర్తు చేర్చడమే. చూడగానే చెక్కభజన అని తెలిసింది మాత్రం అప్పుడే. రైలు కూత తీసేయాలా అని కూడా అడిగాను. "తీస్తే మాదే ఊరని ఎవరు నమ్ముతారు నాయనా" అని నవ్వి బస్సుకు వేళయిందని వెళ్లిపోయారు.

చెక్కల మోతకు తెర మొత్తాన్ని తెల్లగా మెరిపించాలని పిల్లలెవరో సలహా ఇచ్చారని బృందం వారు మొదట చెప్పారు. ఆ కోరికను నేను మొదటే పక్కన పెట్టాను. భజన ముదిరి వేగం అందుకున్నాక చెక్కలు సెకనుకు ఆరేడు దెబ్బలు పడతాయి, అన్ని మెరుపులు కళ్లకు కష్టమే కాదు, ప్రమాదం కూడా. జపానులో 1997 డిసెంబరు 16న ఒక పిల్లల కార్టూను కార్యక్రమంలో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారి మారి మెరిసిన తరువాత ఆరువందలకు పైగా ప్రేక్షకులను ఆసుపత్రులకు తీసుకుపోవలసి వచ్చింది. ఒక సెకనులో మూడు మెరుపులకు మించకూడదన్నది వెబ్‌లో పాటించే ప్రమాణం. అందుకే వెలుగు మార్పును చుక్కల వరకే, అదీ తక్కువ మోతాదులోనే ఉంచాను. దెబ్బలను దానంతట అది లెక్కపెట్టే బీట్ డిటెక్షన్‌ను కూడా ఈ పాటకు దూరంగా పెట్టాను. అటువంటివి చాలావరకు వేగం నిలకడగా ఉంటుందని నమ్మి పని చేస్తాయి, మన భజన నిదానంగా ఎత్తుకుని పరుగుతో ముగుస్తుంది. పైగా 70ని 140గా లెక్కపెట్టడం వాటికి మామూలే.

బొమ్మలన్నింటినీ చివరి వీడియోగా మార్చే రెండర్ ముందు చుక్కల చుట్టూ రాలే పూల రేణువులను తగ్గించేశాను. మన కంప్యూటరులో అవి ముత్యాల్లా కనిపిస్తాయి గాని, యూట్యూబు తన వంతుగా వీడియోను మళ్లీ కుదించినప్పుడు ఇటువంటి చిన్న చిన్న కదలికలే ముందుగా గళ్లు గళ్లుగా చెదురుతాయి. ఫోనులో తక్కువ డేటాతో చూసే ఊరివారికి వెడల్పైన ఆకారాలూ చదునైన రంగులే మేలు.

మిగిలింది మొదట్లో గురువుగారు పాడే పద్యం. అందులో దరువు లేదు, చెక్క లేదు, గొంతూ శ్రుతీ మాత్రమే ఉన్నాయి కాబట్టి ఇవాళ కట్టిన ఏర్పాటంతా అక్కడ కదలకుండా నిలబడుతుంది. అక్కడ మోతను బట్టి కాక స్వరాన్ని బట్టి కదిలే సన్నని గీత ఒకటి చాలు. రాగం తీసినప్పుడు గీత పైకీ కిందికీ పాకాలి, ఊపిరి తీసుకున్నప్పుడు తెగిపోవాలి. ఇందుకు 2002లో వచ్చిన యిన్ అనే స్వర గుర్తింపు పద్ధతి బాగా పనికొస్తుంది, కాని ఒకేసారి రెండు స్వరాలు మోగే చోట గొంతు బదులు హార్మోనియాన్ని పట్టుకునే అవకాశం ఉంది. డెముక్స్ వేరు చేసిన గొంతునే దానికి ఇవ్వాలి. చుక్కలు అప్పటిదాకా వలయంలో కదలకుండా నిలబడి, డోలక్ మొదటి దెబ్బకు తొలి అడుగు వేస్తే బాగుంటుందనుకుంటున్నాను. గురువుగారు ఒప్పుకుంటే రేపు పొద్దున కరెంటు తీసేలోగా ఆ భాగం కూడా రెండర్‌కు పెట్టేస్తాను.