డ్రమ్ము గదిలో ఉద్యోగం

మన కర్నూలు నర్సింగ్ స్కూలు వాళ్ళమంతా కలుసుకునే ఫంక్షన్‌కు వేస్తున్న సావనీర్‌లో రాయమని కమిటీ వాళ్ళు పట్టు వదలకుండా అడుగుతుంటే సరే అన్నాను గానీ, "ఒక పేజీ చాలు, మధురంగా ఉండాలి" అన్నారు చూడండి, అక్కడే వచ్చింది చిక్కు. మధురమైనవన్నీ ముందే పంచేసుకున్నారు. మెస్సు సాంబారు గురించి మనం థర్మామీటర్ అని పిలిచే పిల్ల రాస్తుందట, బాత్రూం దయ్యం సంగతి ఎమ్మిగనూరు జంట చూసుకుంటారట, దీపాలు పట్టుకుని ప్రమాణం చేసిన రోజు ఎవరి కొంగుకు నిప్పంటుకుందో ఆదోని అక్క రాస్తుందట (నిజం రాయి అక్కా, పేరుతో సహా). 2009 అక్టోబరు 2 వరద గురించి ఎటూ అందరూ రాస్తారు. నాకు మిగిలింది డ్రమ్ము గది, అంటే ఆపరేషన్ థియేటర్ సామాను కడిగి స్టెరిలైజ్ చేసే గది. అది మీరెవరూ చూడలేదు, పేరు పెట్టి ఏడిపించడం మాత్రం చేశారు.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ మధ్య మన స్కూల్లోనే రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతి ఎవరి దగ్గరో నా నంబర్ తీసుకుని ఫోన్ చేసింది. "అక్కా, చదువుకుంటూనే ఆసుపత్రిలో ఏదైనా పని దొరుకుతుందా?" అని. ఫోన్లో సగమే చెప్పగలిగాను, మిగతా సగం ఇది.

మా ఇంటి సంగతి మీకు తెలుసు. వానలు పడకపోతే మా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలే, అందరూ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్ళిపోతారు, మా అమ్మానాన్నా అందులోనే. రెండో సంవత్సరంలో మెస్సు బాకీ పెరిగిపోయి నా పేరు నోటీసు బోర్డు మీద ఎక్కినప్పుడు నేనూ పొడుగక్కా కలిసి బయోడేటాలు పట్టుకుని ఊరంతా తిరిగాం. రాజ్‌విహార్ నుంచి సి.క్యాంపు దాకా బోర్డు కనబడ్డ ప్రతి ఆసుపత్రీ ఎక్కాం. ఎక్కడికెళ్ళినా రిసెప్షన్‌లో ఒకటే ప్రశ్న, సర్టిఫికెట్ ఉందా, ఎక్స్‌పీరియన్స్ ఉందా అని. రెండూ ఉంటే మేం ఆ ఎండలో ఎందుకు తిరుగుతామండీ. ఒకచోట వాచ్‌మనే బయోడేటా తీసుకుని చదివి, స్పెల్లింగ్ తప్పుందని వెనక్కిచ్చాడు. నిజంగానే తప్పుంది, పొడుగక్క టైపు చేయించింది అది.

దారి చూపింది మన స్కూలు పెద్ద మేడమే. మనమంతా ఆమెకు భయపడి చచ్చేవాళ్ళం కదా, నేను ఆ రోజు ఎలా వెళ్ళానో ఆమె గదిలోకి, ఇప్పటికీ నాకే ఆశ్చర్యం. ఆమె తిట్టలేదు. "చూడమ్మా, నువ్వు వెళ్ళి నర్సు ఉద్యోగం అడుగుతున్నావు. నువ్వింకా నర్సువి కాదు. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయ్యేదాకా కావు. నర్సు చేయనక్కర్లేని పనులు ఆసుపత్రిలో వంద ఉంటాయి, వాటిల్లో ఒకటి అడుగు" అంది. ఓపీ చీటీలు రాయడం, ల్యాబుకు శాంపిళ్ళు మోయడం, స్ట్రెచర్ తోయడం, ఆయా పని, థియేటర్ సామాను కడిగి స్టెరిలైజ్ చేయడం, ఇట్లా ఆమె చెప్తూ పోతుంటే పని నేర్చుకోవడానికి ఆసుపత్రికి పంపే పోస్టింగులో రోజూ కళ్ళెదురుగా కనబడేవే అన్నీ, మనం ఎన్నడూ వాటిని ఉద్యోగాలనుకోలేదు అంతే. లెటర్‌హెడ్ మీద ఉత్తరం కూడా రాసిచ్చింది. ఫలానా విద్యార్థిని సాయంత్రాలూ ఆదివారాలూ మాత్రమే వస్తుంది, ఇంజెక్షన్లూ ఐ.వి.లూ చేయించకూడదు, అటెండెన్స్ తగ్గితే అనుమతి రద్దు అని. ఆ ఉత్తరం లేకపోతే వార్డెనమ్మ గేటు పాస్ ఇచ్చేదేనా?

అప్పుడే కాలం కూడా కలిసొచ్చింది. ఆరోగ్యశ్రీ 2007లో మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై 2008 జూలైకల్లా రాష్ట్రమంతా వచ్చేసింది. అంతకుముందు ఆపరేషనంటే పొలం అమ్ముకోవాలని భయపడి ఇంట్లోనే పడుకున్నవాళ్ళంతా తెల్ల కార్డు పట్టుకుని కర్నూలు వచ్చారు. థియేటర్లలో రోజుకు రెండు కేసులు జరిగేచోట ఆరు జరిగేవి. డాక్టర్లను ఎక్కడినుంచైనా పిలిపించుకుంటారు, మరి సామాను ఎవరు కడగాలి? నేను పోస్టింగుకు వెళ్ళిన ఒక ప్రైవేటు ఆసుపత్రి థియేటర్ సిస్టర్ చేతిలో ఉత్తరం పెడితే, పూర్తిగా చదవకుండానే "సాయంత్రం అయిదుకు రా" అంది. నెలకు 1500. ఆ డబ్బు ఏ నెలా ఒకటో తారీఖున ఇచ్చిన పాపాన పోలేదు, అడిగితే మేనేజరు "చదువుకునే పిల్లవి, నీకేం ఖర్చులమ్మా" అనేవాడు. అది వేరే కథ.

ఇక ఆయమ్మ.

ఆమె పేరు నాకు చాన్నాళ్ళు తెలియదు, అందరూ ఆయమ్మ అనే పిలిచేవాళ్ళు. డ్రమ్ము గదికి ఆమే మహారాణి. ఇంత గది, ఒక సింకు, మూలన ఆవిరితో క్రిములను చంపే నిలువు ఆటోక్లేవు, గోడ పక్కన వరసగా అందులో గుడ్డలు పెట్టే స్టీలు డ్రమ్ములు, లోపల ఎప్పుడూ ఆవిరి, మే నెలలో కర్నూలు ఎండకు ఆ ఆవిరి తోడైతే ఊహించుకోండి. మొదటి రోజు నన్ను పైనుంచి కిందిదాకా చూసి "మేయ్ పాపా, సదువుకునే పిల్లవు, ఈ నెత్తురు కడిగే పని నీకెందుకుమే?" అంది. మెస్సు బాకీ అన్నాను. ఇంకేం అడగలేదు, బ్రష్ చేతికిచ్చింది.

కేసు అయిపోయి ట్రే రాగానే నేను గీజర్ తిప్పబోయాను, వేడినీళ్ళయితే శుభ్రంగా పోతుంది కదా అని. ఆమె నా చేయి పట్టుకుని ఆపింది. "ముందు సన్నీళ్ళు. వేన్నీళ్ళు పోస్తే నెత్తురు గట్టిగా పట్టుకుంటాది, ఇంగ దాని జన్మలో పోదు." మన మైక్రోబయాలజీ పుస్తకంలో ప్రొటీన్ గడ్డకట్టడం అని ఒక పేరా ఉంటుంది, పరీక్షకు బట్టీ పట్టి మర్చిపోయిన పేరా. ఆమెకు అక్షరం రాదు, ఆ పేరా మాత్రం ఆమె వేళ్ళలో ఉంది. తర్వాత రక్తనాళాలు బిగించి పట్టే ఒక్కో ఆర్టరీ ఫోర్సెప్స్ లాక్ తెరవడం, కీలు సందులో టూత్‌బ్రష్‌తో తోమడం, పళ్ళ మధ్య చూడటం, దీపం వెలుతురుకు ఎత్తిపట్టి మళ్ళీ చూడటం. మస్కిటోలనే చిన్న ఫోర్సెప్స్ ఒక పక్క, అల్లిస్‌లనే పళ్ళ ఫోర్సెప్స్ ఒక పక్క, లెక్క సరిపోయాకే గుడ్డలో చుట్టాలి. లెక్క తప్పితే ఆమె ఇంటికి వెళ్ళనిచ్చేది కాదు, చెత్త బకెట్ కూడా కుమ్మరించి వెతికించేది.

గ్లవ్స్ సంగతి ఇప్పటి పిల్లలు నమ్మరు. అప్పుడు చాలాచోట్ల గ్లవ్స్ పారేసేవాళ్ళు కాదు, కడిగి, ఆరేసి, పౌడరు పూసి మళ్ళీ వాడేవాళ్ళు. ఆయమ్మ ఒక్కో గ్లవ్ మణికట్టు దగ్గర మెలిపెట్టి గాలి బిగించేది, బూరలా ఉబ్బేది, దాన్ని చెంపకు దగ్గరగా పెట్టుకుని తిప్పేది. సూదిమొనంత చిల్లున్నా గాలి చెంపకు తగులుతుందట. తగిలితే కత్తెరతో వేళ్ళు కత్తిరించి పడేసేది. "ఎందుకు వేస్ట్ చేస్తావు, డ్రెస్సింగుకు పనికొస్తాయి కదా" అని మేనేజరు గొణిగితే, "నీ కూతురికి కానుపు అయితే ఇవే తొడగమంటావా సారూ?" అనేది. ఆయన మళ్ళీ ఆ గది వైపు వచ్చేవాడు కాదు కొన్నాళ్ళు.

డ్రమ్ములో గుడ్డలు పేర్చడం నాకు నేర్పడానికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. నేను కుక్కి కుక్కి పెట్టేదాన్ని, ఒక డ్రమ్ములో ఎక్కువ పడితే పని తగ్గుతుంది కదా అని. ఆమె నా పేర్పు మధ్యలోకి అరచెయ్యి దూర్చి చూసేది, చెయ్యి సులువుగా పోకపోతే మొత్తం తీయించేది. చెయ్యి పోనిచోటికి ఆవిరి పోదు. లోపల పెట్టేముందు డ్రమ్ము పక్క చిల్లులు తెరవాలి, తీసిన వెంటనే మూయాలి, గుడ్డ తడిగా వస్తే అది మైలే, మళ్ళీ మొదటికి రావాల్సిందే.

ఒకసారి ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వస్తున్నారని మేనేజరు నాకోసం ఎవరిదో తెల్ల డ్రెస్సు తెప్పించాడు. వార్డులో స్టాఫ్ నర్సులు తక్కువున్నారు, నేను గంటసేపు నిలబడి ఎవరైనా అడిగితే స్టాఫ్ నర్సునని చెప్తే చాలట. చెప్తే ఆ నెల డబ్బు ఆ రోజే ఇస్తానన్నాడు. నాకు నోరు పెగల్లేదు. ఆయమ్మే సింకు దగ్గర నుంచి వెనక్కి తిరక్కుండా చెప్పింది, "పాప యాడికీ రాదు. పాప చేతులు నెత్తురుతో ఉండాయి." నా చేతులు అప్పుడు పొడిగానే ఉన్నాయి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆ గంట నేను అక్కడ నిలబడి ఉంటే తర్వాత ఇంకో గంట, ఆ తర్వాత ఒక ఐ.వి., ఆ పైన ఏదైనా జరిగితే పోలీసు స్టేషన్‌లో నా పేరు. ఫోన్ చేసిన అమ్మాయికి నేను గట్టిగా చెప్పిందీ ఇదే. ఆయా పనికి చేరితే ఆయా పనే చెయ్యి, "నువ్వు ఎలాగూ నర్సింగ్ చదువుతున్నావుగా" అని ఎవరైనా తియ్యగా అంటే అక్కడినుంచి జరుగు. కనబడ్డ చోటల్లా బయోడేటా ఇవ్వడం కాదు, పోస్టింగులో నీ పని చూసిన సిస్టర్‌ని అడుగు, ఏ రోజు ఏ టైముకు రాగలవో కాగితం మీద రాసివ్వు, స్కూలుకు చెప్పకుండా చేరకు. పరీక్షల ముందు సెలవు ఇస్తారో లేదో చేరకముందే తేల్చుకో.

మీరంతా నన్ను డ్రమ్మక్క అనడం మొదలుపెట్టింది అప్పుడే. నా దగ్గర ఎప్పుడూ బ్లీచింగ్ వాసనేనని థర్మామీటర్ మంచం మార్చుకుంది, గుర్తుందా తల్లీ? ఫైనల్ ఇయర్ వైవాలో ఆ హైదరాబాద్ ఎగ్జామినర్ "డ్రమ్ము స్టెరైల్ అయిందని ఎట్లా చెప్తావు?" అని అందరినీ అడిగింది, అందరూ 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్ అని అప్పజెప్పి వచ్చారు. నేను డ్రమ్ముకు అంటించే టేపు మీద నల్లగీతలు వచ్చినంత మాత్రాన చాలదు మేడం, అది వేడి తగిలిందని చెప్తుందే గానీ లోపల క్రిములు చచ్చాయని చెప్పదు, గుడ్డ పొడిగా ఉందా, చిల్లులు మూశారా, తారీఖు ఉందా చూడాలి అని మొదలుపెట్టి, ఆమె చాలమ్మా అనేదాకా ఆపలేదు. బయటికొచ్చాక ఏం అడిగారే ఇంతసేపు అని మీరంతా మీద పడ్డారు.

ఆ తర్వాత సంవత్సరాల గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు, పెళ్ళి, నైట్ డ్యూటీలు, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. స్టెరిలైజేషన్ విభాగం మొత్తం నా కింద, మెషిన్లు కంప్యూటర్లతో నడుస్తాయి, వారానికోసారి సర్జన్లను కూర్చోబెట్టి చేతులు ఎలా కడుక్కోవాలో చెప్తాను, వాళ్ళు వింటారు కూడా. మెస్సు బాకీ నోటీసు మీద పేరెక్కినదాన్ని కదా, జీతం స్లిప్పు వచ్చిన రోజు ఇప్పటికీ రెండుసార్లు చదువుకుంటాను, నవ్వుకోండి. మా విభాగంలో చదువుకుంటూ సాయంత్రాలు పనిచేసే పిల్లలు ఉన్నారు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు నేనే సింకు దగ్గర నిలబడి చెప్తాను, ముందు చన్నీళ్ళు అని. జీతం మాత్రం ఒకటో తారీఖునే పడేలా చూస్తాను.

ఆయమ్మ ఇప్పుడు కల్లూరులో కొడుకు దగ్గర ఉంటోంది. పోయిన సంక్రాంతికి వెళ్ళి కలిశాను, మోకాళ్ళు పట్టేశాయి, కళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి, నా పెద్దదాని చేతులు పట్టుకుని గోళ్ళు తిప్పి చూసింది. మన ఫంక్షన్‌కు రమ్మంటే "సదువుకున్నోళ్ళ మధ్య నేనెందుకుమే" అంది గానీ, ఉగ్గాని బజ్జీ పెడుతున్నారంటే ఆలోచిస్తానంది. కమిటీ వాళ్ళూ, టిఫిన్ మెనూ మార్చకండి. ఆటో ఎక్కడం, దిగడం ఆమె వల్ల కాదు. కారున్నవాళ్ళెవరైనా ఆ రోజు పొద్దున ఎనిమిదింటికల్లా కల్లూరు వెళ్ళి తీసుకురాగలిగితే గ్రూపులో చెప్పండి, ఇంటి గుర్తులు నేను పంపిస్తాను. పొడుగక్కా, నీకు కొత్త కారు వచ్చిందని విన్నాను.